సూరమ్మ నేతచీర

మా ఊళ్ళో అవధానులుగారి దగ్గరికి దురదలనీ దద్దుర్లనీ ఎవరొచ్చినా ఆయన ముందుగా నాడి పట్టేవారు కాదు. వసారాలో బల్ల మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "పొద్దున్న లేచిందగ్గర్నుంచీ నీ ఒంటికి ఏమేం తగిలాయో వరసగా చెప్పు" అనేవారు. సబ్బు, తువ్వాలు, మొలతాడు, పక్కబట్టలు, ఎరువు చల్లిన చెయ్యి, ఏదీ వదలడానికి వీల్లేదు. మందు కోసం వచ్చినవాడికి బోనెక్కి సాక్ష్యం చెబుతున్నట్టు ఉండేది. ఒక మోతుబరి అలా చెబుతూ చెబుతూ, తన దుప్పటి ఉతికి ఎన్నాళ్ళయిందో ఎంతకీ గుర్తురాక, ఇంటికెళ్ళి భార్యతో తగువు పెట్టుకున్నాడని ఊరంతా చెప్పుకుని నవ్వుకున్నాం. ఆ వసారా ఇప్పుడు లేదు. కాగుతున్న నూనెల వాసన, గోడవారగా ఎండుతున్న వేపచెక్క, ఆయన భుజం మీది తెల్ల కండువా తలుచుకుంటే మాత్రం ఈనాటికీ నా మనసు అక్కడికే పోతుంది.

ఆయన శిష్యుడు కామేశం. నేను చెప్పబోయే సంగతి నాకు చెప్పింది అతనే. చెప్పేనాటికి అతనూ పేరున్న వైద్యుడై, జుట్టు నెరిసిన వయసుకు వచ్చాడు.

కాలవ మీద పడవ నడిపే బుల్లియ్యకు పెళ్ళయిన చాలా ఏళ్ళకు ఆడపిల్ల పుట్టింది. మనవరాలిని ఎత్తుకోవాలని కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసిన అతని తల్లి సూరమ్మ, అంతకు ముందు వేసవిలోనే పోయింది. మా వైపు పురిటిబిడ్డకు కొత్తబట్ట వెయ్యరు. నిండుగా బతికిన పెద్దావిడ కట్టి విడిచిన పాతచీరలో చుట్టి, అదే ఉయ్యాల కడతారు. బుల్లియ్య తల్లి నేతచీర ఒకటి పెట్టెలో భద్రంగా దాచాడు. బిడ్డ పుట్టగానే దాన్ని తీసి, ముక్క చింపడానికి చేతులు రాక, చీర మొత్తం దూలానికి ఉయ్యాలగా కట్టాడు. నాయనమ్మ ఒళ్ళో పడుకున్నట్టే ఉంటుందని ఊరంతా అతన్ని మెచ్చుకుంది.

వారం తిరక్కుండానే పసిదాని వీపు, పిక్కలు ఎర్రగా కందిపోయి, గరుకెక్కాయి. కామేశం నూనె కాచి ఇచ్చాడు. రాస్తే తగ్గేది, మళ్ళీ వచ్చేది. పిల్ల ఏడ్చి ఏడ్చి పాలు సరిగ్గా తాగడం మానేసింది. బుల్లియ్య భార్య ఆదిలక్ష్మి బిడ్డను భుజాన వేసుకుని వచ్చి, వసారా మెట్ల మీదే కూలబడి, "దీన్ని నాకు దక్కించండి బాబూ" అని ఏడ్చింది. ఆమె వెళ్ళాక కామేశానికి ఆ పూట అన్నం సయించలేదు.

సాయంత్రం గురువుగారి దగ్గర చేరి అడిగాడు. "గురువుగారూ, పెద్దవాళ్ళు చేసినట్టు చేస్తే ఒంటికి మంచిదని మీరే అంటారు. బుల్లియ్య అచ్చం అలాగే చేశాడు కదండీ. సీమ గుడ్డ వెయ్యలేదు, డబ్బా పౌడరు అద్దలేదు. మరి ఆ బిడ్డ ఒళ్ళెందుకలా అయింది?"

అవధానులుగారు శ్లోకం చదవలేదు, శాస్త్రం విప్పలేదు. కండువా దులిపి భుజాన వేసుకుని, "రేప్పొద్దున్న నాతో రా" అన్నారు.

మర్నాడు వాళ్ళు వెళ్ళేసరికి ఆదిలక్ష్మి అరుగు మీద బిడ్డకు పాలిస్తోంది. గురువుగారు చూసి, "ఇప్పుడు ఎరుపు కాస్త తగ్గిందే!" అన్నారు.

"నా ఒళ్ళో ఉన్నంతసేపూ బాగానే ఉంటాదండి. ఉయ్యాల్లో తొంగుని లేత్తే చాలు, మళ్ళీ మొదలు. నా చీర కడతానంటే ఈయన పడనిత్తేనా? మా అత్త చీర ముందు నా చీర ఏపాటిదిలెండి!" అని మొగుడి వైపు కొరకొర చూసింది.

గురువుగారు లోపలికి వెళ్ళి ఉయ్యాల అంచు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. పెట్టుకున్నవారు పెట్టుకున్నట్టే ఇల్లదిరేలా తుమ్మారు.

"ఏమయ్యా బుల్లియ్యా, దీన్ని పెట్టెలో ఎలా దాచావు?"

"కలరా ఉండలేసి దాచానండి. చిమటలు కొట్టేత్తాయని గుప్పెడు ఎక్కువే ఏసేనండి."

"తీశాక ఉతికారా?"

బుల్లియ్య చీరకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. పడవ తోసి తోసి గట్టిపడిన మనిషి, పసివాడిలా పెదవి బిగించాడు. "ఉతకనండి. ఉతికితే అమ్మ వాసన పోద్దండి. అదొక్కటే మిగిలిందండి నాకు."

కామేశం నోరు తెరవబోతే గురువుగారు కంటితోనే ఆపారు. పిల్ల ఒళ్ళు ఒక పక్క, కొడుకు దుఃఖం ఒక పక్క. ఏ పక్క మాట్లాడినా రెండోది దెబ్బతింటుందని తనకు అప్పుడే అర్థమైందని కామేశం నాతో అన్నాడు.

అవధానులుగారు ఆ చీర చెంగు బుల్లియ్య చేతికే ఇచ్చారు. "కళ్ళు మూసుకుని ఒక్కసారి వాసన చూడు. మీ అమ్మ ఉందేమో చెప్పు."

బుల్లియ్య చెంగులో మొహం పెట్టుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. మొహం ఎత్తి, చెంగు మెల్లగా వదిలేశాడు.

"పెట్టె వాసనండి," అన్నాడు.

గురువుగారు నేల మీద చతికిలబడి, ఊసుపోక అడిగినట్టు, "సూరమ్మ ఈ చీర ఎలా ఉతికేదయ్యా?" అన్నారు.

"కుంకుడురసంలో నానేసేదండి," అని మొదలుపెట్టాడు బుల్లియ్య. "నానినాక కాలవ రేవులో బండకేసి బాదేది. నేను పడవ మీంచి చూత్తానే ఉండేవోణ్ణి. 'అమ్మా, చిరిగిపోద్దే' అంటే, 'చిరిగితే నీ కూతురికి పక్కబట్టవుద్దిలేరా' అనేదండి. తర్వాత ఆ మందారకంచె మీద ఆరేసేది. ఎండ దిగినాక తెచ్చి, మడతపెట్టకుండానే నా మీద కప్పేసి నవ్వేదండి..."

బుల్లియ్య తనే వెళ్ళి ఉయ్యాల ముడి విప్పాడు. ఆదిలక్ష్మి గబగబా కుంకుళ్ళు కొట్టి నానబోసింది. గురువుగారు ఆమె రోజూ కట్టే పాతచీర ఒకటి తెప్పించి ఉయ్యాల కట్టించారు. కలరా ఉండల ఘాటు ఒక్క ఉతుకుకు వదిలేది కాదనీ, పూర్తిగా వదిలేదాకా ఉతికి ఎండ తగలనివ్వాలనీ, అందాకా ఈ ఉయ్యాలే ఉంచాలనీ చెప్పారు. పిల్లకు రాసే నూనె కూడా ఆ ఘాటును ఒంటికి పట్టిస్తుందని కొన్నాళ్ళు ఆపమన్నారు.

బుల్లియ్య ఆ పనికి భార్యను కూడా రానివ్వలేదు. పొద్దున్నే రేవుకు పోయి తనే బాదేవాడు, తనే ఆరేసేవాడు. ఆడవాళ్ళ మధ్య మగవాడు చీర ఉతుకుతుంటే రేవంతా మొదట నవ్వింది, తర్వాత జరిగి చోటిచ్చింది. పిల్ల ఒంటి మీది ఎరుపు మెల్లగా దిగింది. పాలు తాగి, హాయిగా నిద్రపోవడం మొదలుపెట్టింది.

ఒకనాటి సాయంత్రం గురుశిష్యులు మళ్ళీ అటు వెళ్ళారు. బుల్లియ్య మందారకంచె దగ్గర చీర తీస్తున్నాడు. ఎండకు వెచ్చబడిన గుడ్డను గుండెలకు హత్తుకున్నవాడు, ఉన్నట్టుండి కదలకుండా నిలబడిపోయాడు. చీరలో మొహం దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

"వచ్చేసిందండి," అన్నాడు, వాళ్ళను చూసి. "మా అమ్మేనండి."

ఆదిలక్ష్మి మొగుడి చేతిలోంచి చెంగు అందుకుని వాసన చూసి, కళ్ళు తుడుచుకుంది. ఆ పూట సూరమ్మ చీరను మళ్ళీ ఉయ్యాలగా కట్టింది ఆవిడే.

తిరిగి వస్తుంటే కామేశం కాలవగట్టు మీద ఆగాడు. "నేనడిగినదానికి మీరింకా జవాబు చెప్పలేదు గురువుగారూ. పెద్దవాళ్ళు చేసినట్టే చేశాడు గదా అన్నాను."

అవధానులుగారు వెనక్కి తిరిగి, కంచె మీద చీర తీసేసిన ఆ ఖాళీ చోటు వైపు చూశారు.

"వాళ్ళమ్మ చేసిన పని బుల్లియ్య మొన్ననే గదయ్యా మొదలుపెట్టాడు," అన్నారు.