పుల్లలు ఎవరివి?

అనగనగా ఒక కాలం. మన ఊరికి అప్పటికింకా సిగ్గనేది రాలేదు. ఇప్పుడు వచ్చిందా అని అడక్కండి, కథ ఆగిపోతుంది.

ఆ కాలంలో కొండ దిగువన నూకాలు అనే ఆమె ఉండేది. మొగుడు లేడు, పిల్లలు లేరు. మంచంలోంచి లేవలేని అత్త ఉంది. కురిసే ఇల్లు ఉంది. విందులకు అడ్డాకుల విస్తర్లు కుట్టడం ఆమె పని. ఆకులు విందు చేసేవాళ్ళు తెచ్చి పోసేవారు. వెదురు తనే తెచ్చుకుని చీల్చి, సన్నటి పుల్లలు తీసి కుట్టడం ఆమె వంతు. ఆమె కుట్టిన విస్తరిలో చారు పోసినా చుక్క కారేది కాదు.

ఊరి పెద్ద సన్యాసినాయుడికి అన్నిటికీ తొందరే, ఇవ్వడానికి తప్ప.

మనవడి బారసాలకు బండెడు ఆకు ఆమె గుమ్మంలో దింపించాడు.

"తొందర, నూకాలూ, తొందర! తెల్లారేసరికి కావాలి."

"ఇల్లు కురుస్తంది బాబూ. అత్త మంచం మీదే పడతంది వాన. కూలి వద్దుగాని, కప్పుకి తాటాకులు ఇప్పించండి."

"ముందు విస్తర్లు కానీ. తాటాకులకి కాళ్ళున్నాయేటి, పారిపోడానికి?"

నూకాలు కుట్టింది. ఊరు తిన్నది. తాటాకులు రాలేదు.

తండ్రి పెద్దకర్మకు మళ్ళీ బండి దింపించాడు.

"తొందర, నూకాలూ, తొందర! చచ్చినోడు ముందుగా చెప్పి చచ్చాడా?"

"మరి తాటాకులో, బాబూ?"

"కాళ్ళున్నాయేటి వాటికి?"

నూకాలు కుట్టింది. ఊరు తిన్నది. తాటాకులు రాలేదు.

కూతురి ప్రధానానికి మూడోసారి బండి వచ్చింది. మళ్ళీ తొందర. మళ్ళీ అదే మాట. నూకాలు వేళ్ళు పుళ్ళు పడేలా కుట్టి, మోపు నెత్తిన పెట్టుకుని నాయుడి పెరట్లో దింపింది. దింపి తలెత్తి చూసింది. గేదెల పాకకు కొత్త తాటాకు కప్పు.

"నీకని కొట్టించినవే పిన్నీ," అన్నాడు పాలేరు. "గేదె ఈనింది. తడిసిపోతాదని దీనికి కప్పించేశారు."

పైన ఉరిమింది.

"అయితే కాళ్ళున్నాయన్నమాట," అంది నూకాలు.

ఇంటికి వెళ్ళలేదు. తిన్నగా పందిట్లోకి నడిచింది.

మొదటి బంతి కూర్చుంది. వడ్డన అయిపోయింది. నూకాలు వియ్యంకుడి ముందు వంగి, విస్తరిలోంచి ఒక పుల్ల లాగింది. ఇంకోటి లాగింది. ఇంకోటి లాగింది. పప్పుచారు ఎటు పోదామా అని కాస్త ఆలోచించి, వియ్యంకుడి పట్టుపంచె వైపు పోయింది.

ఎత్తిన ముద్దలు ఎత్తినట్టే ఉండిపోయాయి. నెయ్యి వేసేవాడు గరిటె వంచి, ఎత్తడం మర్చిపోయాడు. ఒక్క కరణంగారు మాత్రం జారిపోతున్న బూరెను పట్టుకున్నారు. ఆయన మునిమనవడు ఇక్కడే కూర్చున్నాడు, పేరు చెప్పను.

"ఏటే ఇది?" అంటూ నాయుడు పరుగెత్తుకొచ్చాడు.

"ఆకులు మీవి బాబూ. పుల్లలు నావి. నావి నేను తీసుకుంటన్నాను."

పుల్లలు చెంగులో వేసుకుని పక్క విస్తరి మీదకు వంగింది.

"బావగారూ," అన్నాడు వియ్యంకుడు నెమ్మదిగా, "ఆవిడకి ఇవ్వాల్సింది ఇచ్చేయండి. నేను రెండో పంచె తెచ్చుకోలేదు."

వాన పడకముందే పాక కప్పు మనుషుల నెత్తిన నడిచి నూకాలు ఇంటికి వచ్చింది. గేదెను నాయుడు తన వసారాలో కట్టుకున్నాడు. ఇద్దరికీ బాగానే కుదిరిందట.

రెండు వానాకాలాలు అత్తాకోడళ్ళు పొడిగా పడుకున్నారు. మూడోది రాకముందే, మంచంలో ఉన్న అత్త ఉండగా, తిరుగుతున్న కోడలు పోయింది. ఊరు నమ్మలేదు. వెళ్ళి చూసి కూడా నమ్మలేదు.

ఆమె పెద్దకర్మకు విస్తర్లు ఊరే కుట్టుకుంది. ఎలా కుట్టిందో చెప్తే మీ తాతల పరువు పోతుంది. నూకాలు వాకిట్లోనే వడ్డన అయింది. ఒక్క చెయ్యీ కదల్లేదు. నాయుడు రెండు చేతులతో విస్తరి అంచులు పట్టుకుని కూర్చున్నాడు. ఆయన్ని చూసి అందరూ పట్టుకున్నారు.

"పుల్లలు ఎవరివి?" అన్నాడు నాయుడు. ఎవర్ని అడిగాడో ఆయనకే తెలీదు.

మంచంలోంచి ముసలమ్మ పలికింది. "మీవేరా. అది ఇంక రాదు. తినండి."

ఇవాళ్టికీ మన ఊళ్ళో వడ్డన కాగానే, విందు చేసేవాళ్ళు విస్తర్లు కుట్టినామె దగ్గరికి వెళ్ళి, "పుల్లలు ఎవరివమ్మా?" అని అడగాలి. "మీవే" అని ఆమె అనాలి. ఆ మాట వినబడేదాకా ఎంతటి పెద్దమనిషైనా అంచులు పట్టుకుని కూర్చోవాల్సిందే.

పైఊరి పెళ్ళిళ్ళలో ఇత్తడి కంచం పెట్టినా సరే, మనవాళ్ళు ముందు దాని అంచులు పట్టుకుంటారు.