రాజుగారి కన్ను చూసిన తోట

అనగనగా పారశీక దేశంలో, ఎడారి అంచున ఒక మండలం. దేశాన్నేలే సింహంరాజు నెల రోజుల ప్రయాణమంత దూరాన ఉండేవాడు. అంత దేశాన్ని ఒక్కడే ఎలా చూసుకుంటాడర్రా? అందుకని మండలానికొక క్షత్రపుణ్ణి పెట్టాడు. క్షత్రపుడంటే మన కలెక్టరుగారి లాంటివాడనుకోండి, కాకపోతే కోరలుంటాయి! ఇక్కడి క్షత్రపుడు ఒక చిరుతపులి.

ఆ ఏడు వానల్లేవు. కొండ మీద మంచు కరిగి చెరువు నిండింది కానీ, రాజుగారి ఉత్తరువు లేనిదే దాని తూము ఎత్తకూడదు. కింద అడవిగాడిదల మందకు మిగిలింది ఒక్క గుంటెడు నీళ్లు. పర్మి అనే గాడిదకు చిన్న పిల్ల ఉంది. అది దాహంతో నాలుక వేలాడేసి పడుకుంది.

అప్పుడే కబురొచ్చింది, డేగ వస్తున్నాడని. ఏడాదికోసారి మండలాలు చూసిపోయే ఆయన్ని అందరూ 'రాజుగారి కన్ను' అనేవారు. ఆయన చెప్పిందే రాజుగారికి నిజం.

"బతికాం! కాళ్ల మీద పడైనా తూము ఎత్తించుకుంటాను," అంది పర్మి.

చిరుత మీసం దువ్వాడు. "పడుదువుగానిలే. ఆయనొచ్చే బాట పక్కన రాజుగారి తోట ఎండిపోయింది, చూశావా? అది చూస్తే ఆయనకు ఒళ్లు మండుతుంది. పచ్చగా ఉంటేనే మనసు చల్లబడి నీ గోడు వింటాడు. గుంటలో నీళ్లు మోసుకొచ్చి పొయ్."

పక్కనే ఉన్న ముసలి ఒంటె తాత గయ్యిమన్నాడు. "ఒసే పిచ్చిదానా! ఎండిన తోటనే చూడనీ. నువ్వు నోరు విప్పక్కర్లేదు."

"ఊరుకో తాతా! అంత పెద్దాయన గడపలోకొస్తే ఎండు మొహం చూపిస్తామా? మన పరువేం కాను?"

మొదటి రోజు తోలు తిత్తులతో సగం గుంట మోసింది. దానిమ్మలు తలెత్తాయి. రెండో రోజు మిగతా సగం. గులాబీలు విచ్చాయి. మూడో రోజు అడుగున బురదనీళ్లే ఉన్నాయి.

"అమ్మా, అవి నాకు కాదా?" అంది పిల్ల.

"రేపు తూము ఎత్తుతారు నాన్నా. చెరువంతా నీదే."

అవీ పోసేసింది.

డేగ వచ్చి తోట మీద మూడు చుట్లు తిరిగాడు. "ఆహా, ఏం పచ్చదనం!"

పర్మి మోకరిల్లింది. "అయ్యా, నీళ్లు లేక చస్తున్నాం. తూము ఎత్తించండి."

"నీళ్లు లేవా? మరి ఈ తోట దేంతో తడిసిందమ్మా?"

"మేం తాగే నీళ్లే పోశామయ్యా."

"దాహంతో చచ్చేవాళ్లు చెట్లకు పోస్తారా? ఎవరికి చెబుతావు కథలు!"

"గుంట చూద్దురు రండి బాబూ, ఆ దిబ్బ వెనకే," అన్నాడు ఒంటె తాత.

"బాట మీద లేనిది చూడమని నాకు ఉత్తరువు లేదు." రెక్కలున్నాయి కదా అంటారా? రెక్కలున్నా ఉద్యోగం బాట మీదేనర్రా!

డేగ వెళ్లి, మండలం చల్లగా ఉందని రాజుగారికి విన్నవించాడు. రాజుగారు మెచ్చి, చిరుతను ఇంకో తోట వెయ్యమన్నాడు. తూము మూసినట్టే ఉంది.

ఆ రోజు డేగ ఎగిరిపోగానే పర్మి దిబ్బ వెనక్కి పరిగెత్తింది. పిల్ల పగుళ్లిచ్చిన బురదకు మూతి ఆనించి ఉంది. పిలిచింది. మళ్లీ పిలిచింది. మూడోసారి పిలవలేదు.

నీతి: కరువును పచ్చగా కప్పి చూపించినవాణ్ణి, తర్వాత ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మరు.