రాజుగారి పన్ను, చెంగల్రాయుడి వేలితొడుగు

రాజుకైనా పన్ను నొప్పి పన్ను నొప్పే. నోట్లో వేలు పెట్టిన వైద్యులందరినీ ఆ రాజుగారు నొప్పికి తాళలేక కసుక్కున కొరికేశారు. చివరికి పళ్లు పీకే సుంకులమ్మకు కబురెళ్లింది.

సభలో కొఠారు అధికారి చెంగల్రాయుడు ఆమెకొక తోలు వేలితొడుగు అందించాడు. చూస్తే ఉల్లిపొరలా ఉంది. తొడుగుకని ఇచ్చిన దున్నతోలు ఆయన కొత్త చెప్పులకు పోయిందని ఊరంతా గుసగుస.

"ఇది రాజుగారి పంటి కాటుకు ఆగుతుందా దొరా?"

"పులి కొరికినా పన్ను దిగదే ముసలీ! నేనే పరీక్షించాను. తొడుక్కుంటావా, కొరడా దెబ్బలు తింటావా?"

సుంకులమ్మ బోసినోటితో నవ్వింది. "ఆ పరీక్షేదో నా కళ్లముందు ఒక్కసారి కానివ్వండి."

ఆ బోసినోరు చూసి చెంగల్రాయుడు ధీమాగా తొడుగు వేసుకుని ఆమె ముందుకు వేలు చాచాడు.

"నాకు పళ్లెక్కడివి దొరా? మహారాజా, తమరే కొరకండి."

రాజుగారు నోరు తెరవడమే ఆలస్యం, చెంగల్రాయుడు చెయ్యి లాక్కుని చంకలో దాచుకున్నాడు. అది చూసి రాజుగారు నొప్పి మరిచి పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఆగేలోపే సుంకులమ్మ పట్టకారు పెట్టి పన్ను పీకేసింది.

"తొడుగు తమరే ఉంచుకోండి దొరా," అంది పన్ను చూపిస్తూ. "నాకు తమరి భయమే చాలింది."