ఉడకని కుడుము

సోమిదేవమ్మగారి దగ్గర మూలికా వైద్యం నేర్చుకునేవాళ్ళందరికీ తెలిసిన సంగతే: ప్రశ్న అడిగితే ఆవిడ జవాబు చెప్పరు, పని చెబుతారు. తెలిసి కూడా వకుళ ఆ రోజు అడక్కుండా ఉండలేకపోయింది.

సూక్ష్మదర్శినిలో ఉల్లివేరు కొసని చూస్తోందామె. చిన్న చిన్న గదుల్లా కణాలు. ఒకదాని నడుమ పల్చటి గోడ లేచి, అది రెండు కణాలుగా విడిపోతోంది. చీమకైనా ఏనుగుకైనా కణం కొలత ఇంచుమించు ఒకటేననీ, ఏనుగులో అవి లెక్కకి అందనన్ని ఉంటాయనీ పొద్దున విన్న పాఠం. వకుళ మాత్రం ఆ గోడని ఎక్కువసేపు చూడలేకపోయింది. రోగులు పెరిగారని వాగు అవతల ఇంకో వైద్యశాల తెరుస్తున్నారు. ఆమె ప్రాణస్నేహితురాలు హైమ రేపు అక్కడికి వెళ్ళిపోతోంది.

"అమ్మగారూ, ఎదగాలంటే రెండుగా చీలడమెందుకు? ఉన్న కణమే పెద్దదవుతూ పోకూడదా?"

ఆవిడ ఆమె మొహంలోకి ఓసారి చూశారు. "అందరికీ బెల్లం కుడుములు చెయ్యి" అన్నారు.

వకుళ అందరికీ చిన్న చిన్న కుడుములే చేసింది. తనకీ హైమకీ కలిపి మాత్రం కొబ్బరికాయంత ఒక్కటే చేసి, గుడ్డ కట్టిన కుండ మీద ఆవిరికి పెట్టింది. ఈ ఒక్క పూటైనా తమ వంతు విడిపోకూడదని ఆమె ఆశ.

మిగతా అందరూ తినేశారు. వకుళ, హైమలది విరిచి చూస్తే లోపల పచ్చిపిండి. మళ్ళీ పెట్టారు. పైన మెత్తబడి జారిపోతోంది, నడుమ ఇంకా పచ్చిగానే ఉంది.

"ఏమే, మన స్నేహం కూడా ఇంతేనా? పైనంతా తీపి, లోపల పచ్చిపిండి" అంది హైమ. వకుళ నవ్వబోయింది, కళ్ళలో నీళ్ళొచ్చాయి.

సోమిదేవమ్మగారు వచ్చి పిండి నడుమ వేలు పెట్టి చూశారు. "పాపం, దీని తప్పేముంది? ఆవిరైనా, కణానికి తిండైనా బయటినుంచేగా లోపలికి రావాలి. ఇంత లావైతే ఇక్కడిదాకా ఎలా వస్తుంది?" అంటూ దాన్ని రెండు చేసి, పల్చగా ఒత్తి, మళ్ళీ కుండకెక్కించారు. కాసేపటికే రెండూ ఉడికి ఘుమఘుమలాడాయి.

"అయినా రెండైపోయింది కదమ్మా" అంది వకుళ చిన్నగా. "ఒకటి వెళ్ళిపోతే రెండోది మిగిలిపోయినట్టేగా."

ఆవిడ రెండు కుడుముల్నీ ఆమె చేతుల్లో పెట్టారు.

"వీటిలో వెళ్ళిపోయిందేదో, మిగిలిపోయిందేదో చూసి చెప్పు. నాకు తెలియడం లేదు."