కొంగ ధవళయ్య గీసిన తెల్లగీత

అనగనగా ఒక అడవిలో బళ్ళు వాటంతట అవే నడిచేవి పిల్లలూ. ఎద్దులు లేవు, తోలేవాడు లేడు. దారి మీది తెల్లగీత చూసుకుంటూ పోయేవి. ఒక బండి ఆగితే ఆ కబురు క్షణంలో అన్ని బళ్ళకీ అందేది.

ఆ బళ్ళకి కొత్త దారి వేసే పని ధవళయ్య అనే కొంగకి ఏనుగు దొర అప్పగించాడు. ధవళయ్య బాగా చదువుకున్న కొంగ. పొద్దంతా గేదె కాటమ్మ వీపు మీద ఎక్కి పురుగులు ఏరుకు తినేవాడు. దారి పటం కూడా ఆ వీపు మీద నిలబడే గీశాడు.

ముందుగా బళ్ళని అడిగాడు. "దారి నున్నగా ఉండాలి. అడ్డం ఎవరూ రాకూడదు," అన్నాయి అవి.

"మరి మడుగుకి మేం ఎటు దాటాలి నాయనా?" అంది కింద నుంచి కాటమ్మ.

"పెద్ద విషయాలు నీకెందుకు? కదలకు, గీత వంకర పోతోంది," అన్నాడు ధవళయ్య.

దారి భలేగా తయారైంది, మడుగుకి పోయే పాత బాట మాత్రం మూసుకుపోయింది. మొదటి రోజు ఉడతలు దాని మీద చింతపండు ఎండబోశాయి. అంత శుభ్రమైన చోటు వాటికి మరెక్కడ దొరుకుతుంది? బళ్ళు ఆగాయి. రెండో రోజు మేకలు మందగా దాటాయి. మళ్ళీ ఆగాయి. ధవళయ్యకి ఒళ్ళు మండి, 'అడ్డం రాకూడదు' అని బోర్డు పెట్టించాడు. అడవిలో చదవడం వచ్చింది అతనొక్కడికే.

మూడో రోజు అతని పిల్లకి జ్వరం వచ్చింది. ఇంకా ఎగరడం రాని పసిది, ఒళ్ళు కాలిపోతోంది. ఎలుగు వైద్యుడు ఉండేది అడవికి అవతల. పిల్లని బండిలో పడుకోబెట్టి బయలుదేరాడు. సగం దారిలో బండి ఆగింది. అడవిలోని బళ్ళన్నీ ఆగాయి. ఎదురుగా దారి మధ్య కాటమ్మ పడుకుని నెమరేస్తోంది.

"పక్క నుంచి పో," అన్నాడు ధవళయ్య బండితో.

"గీత దాటకూడదండి. గీసింది తమరే," అంది బండి.

అతను బండి దిగి కాటమ్మ దగ్గరికి పరుగెత్తాడు. "కాటమ్మా, లే తల్లీ."

"మడుగు దారి మూసేశావు కదా, ఇక్కడ చేరాను," అంటూ ఆమె లేచింది. అయినా బళ్ళు కదల్లేదు. ముందు బండి చెప్పాలని వెనకది, వెనకది సరేననాలని ముందుది, మర్యాదగా మాట్లాడుకుంటున్నాయి. పిల్ల మూలుగుతోంది. ధవళయ్యకి ఏడుపొచ్చింది.

"వాటి మాటలు ఇప్పట్లో తెమలవు. పిల్లని నా వీపు మీద పెట్టు. ఆ చోటు నీకు కొత్త కాదుగా," అంది కాటమ్మ.

పొద్దు వాలకముందే వైద్యుడి గుమ్మం చేరారు. పిల్ల బతికింది.

మర్నాడు ధవళయ్య అదే వీపు ఎక్కి కొత్త పటం తీశాడు. గీత గీయకుండా వంగి, "నువ్వు ఎటు దాటుతావు కాటమ్మా?" అన్నాడు.

"ఈ మాట అడగడానికి నిన్ను ఇన్నాళ్ళు మోయాల్సి వచ్చింది," అంది కాటమ్మ.

నీతి: దారి వేసేవాడు ఆ దారిన వచ్చే అందరినీ అడగాలి, తనను మోసేవాళ్ళని అందరికన్నా ముందు అడగాలి.