కొండముచ్చు బ్యాండూ, కుందేలు కాలూ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో జంతువులకు రెండే పనులు. ఒకటి తినడం, రెండోది ఎవరి నోట్లోనూ పడకుండా ఉండడం. ఈ రెండూ చాలక మూడో పని కనిపెట్టినవాడు తోకనాథం అనే కొండముచ్చు. వాడు బ్యాండు పెట్టాడు.

బ్యాండంటే పెళ్ళి బ్యాండు కాదు పిల్లలూ, రాక్ బ్యాండు. అందులోనూ ప్రోగ్రెసివ్ రాక్ అట. అదేమిటని నన్నడక్కండి. పాట ఎప్పుడు అయిపోతుందో వాయించేవాళ్ళకు కూడా తెలియకపోతే దాన్ని అలా అంటారని తోకనాథమే చెప్పాడు. ఆ బ్యాండు పేరు 'పుట్ట మీద పిడుగు'.

మొదట్లో ముగ్గురే ఉండేవారు. తోకనాథం సొరకాయ బుర్రకు ఏనుగు తోక వెంట్రుకలు బిగించి మీటేవాడు. మంగతాయారు అనే గోరింక పాడేది. చెంగల్రాయుడు అనే కుందేలు బోలు దుంగ మీద కాళ్ళతో తాళం వేసేవాడు. చిన్నప్పుడు వేటగాడి ఉచ్చులో పడి చెంగల్రాయుడి ఎడమకాలు వంకరపోయింది. అందుకని మంచికాలితో టకటకా మూడు దెబ్బలు, కుంటికాలితో ఈడుస్తూ నాలుగు దెబ్బలు పడేవి. తకిట తకధిమి. మొత్తం ఏడు.

ఏటా వానలు వెనకబట్టాక ఏనుగుల మంద ఏటి ఇసుకలోకి దిగేది. ఆ ఏడు దెబ్బలు వినగానే మందకు పెద్ద, గజ్జెలమ్మ, కాలెత్తి ఊగేది. ఆవిడ ఊగితే అడవంతా ఊగినట్టే. పాట నచ్చితే ఏనుగులు తమ తోక వెంట్రుకలు బ్యాండుకు ఇచ్చేవి. అవి లేకపోతే తోకనాథం చేతిలో ఉండేది ఒట్టి సొరకాయే.

"ఈ తాళం ఎవరిది నాయనా?" అని మొదటి ఏడు గజ్జెలమ్మ అడిగింది.

"నాదేనమ్మా! ముప్పై రోజులు కొమ్మకు తలకిందులుగా వేలాడి ఆలోచించాను" అన్నాడు తోకనాథం.

చెంగల్రాయుడు చెవి గోక్కున్నాడు కానీ ఏమీ అనలేదు. తోకనాథం కూడా అబద్ధమాడుతున్నానని అనుకోలేదు. నిజంగానే ఆ తాళం తన తలలోంచి పుట్టిందనుకున్నాడు. అసలు తంటా అక్కడే వచ్చింది.

పొగడ్త తలకెక్కితే దిగడం కష్టం. పాటలు పొడవయ్యాయి. పాట మొదలవగానే తాబేలు నీళ్ళకు బయల్దేరి, కడుపారా తాగి, దారిలో ఒక కునుకు తీసి తిరిగొచ్చేది. అప్పటికింకా తోకనాథం బుర్ర సవరించుకుంటూనే ఉండేవాడు.

మంగతాయారుకు ఒళ్ళు మండింది. "ఏమయ్యా, నేను పాడేదెప్పుడు?" అని అడిగింది.

"మధ్యాహ్నానికి నీ వంతు వస్తుందక్కా. ఈలోగా కళ్ళు మూసుకుని లోతుగా నిలబడు."

"లోతుగా నిలబడడానికి నేనేమైనా బావినా? గూట్లో గుడ్లున్నాయి. నీ పాట అయ్యేలోగా అవి పిల్లలై, ఎగిరి, నాకు మనవల్నిస్తాయి. నీకూ నీ పుట్టకూ ఒక దండం!" అని మంగతాయారు ఎగిరిపోయింది.

ఆమె చోటులోకి తోకనాథం ఒక కీచురాయిని తెచ్చాడు. దానికి వచ్చింది ఒక్కటే స్వరం. పొద్దున పట్టుకుంటే సాయంత్రం దాకా వదలదు. చుట్టుపక్కల ఉడతలు చెవుల్లో దూది కుక్కుకుని కాపురాలు మార్చుకున్నాయి. "గొప్ప సంగీతం అందరికీ అర్థం కాదు" అన్నాడు తోకనాథం.

తర్వాత చెంగల్రాయుడి వంతు వచ్చింది.

"ఒరే, కొత్త పాటకు పదమూడున్నర దెబ్బల తాళం కట్టాను. వెయ్యి చూద్దాం" అన్నాడు తోకనాథం.

చెంగల్రాయుడు నాలుగుసార్లు ప్రయత్నించి ఆయాసపడ్డాడు. "పదమూడు సరే అన్నా, ఆ అర ఎక్కడ వెయ్యాలి?" అని అమాయకంగా అడిగాడు.

తోకనాథానికి కూడా తెలియదు. తెలియదని ఒప్పుకోలేక కోపం తెచ్చుకున్నాడు. "ముందు నీ కాలు చూసుకో! కుంటికాలితో పెద్ద పాటలెక్కడ అవుతాయి? రేపటినుంచి రానక్కర్లేదు" అనేశాడు.

ఉచ్చులో పడ్డనాడు కూడా అంత నొప్పి లేదు చెంగల్రాయుడికి. "దుంగ తీసుకెళ్ళనా అన్నా?" అని మాత్రం అడిగి, దాన్ని దొర్లించుకుంటూ ఏరు దాటి వెళ్ళిపోయాడు.

తోకనాథం వడ్రంగిపిట్టను పెట్టుకున్నాడు. అది దెబ్బ తప్పదు, అలసిపోదు. ఇక ఏనుగులు ఊగడం కాదు, పల్టీలు కొడతాయనుకున్నాడు.

ఏనుగులు రానే వచ్చాయి. పాట మొదలైంది. వడ్రంగిపిట్ట టకటకలాడించింది, కీచురాయి కీచుమంది, తోకనాథం కళ్ళు మూసుకుని మీటాడు. ఎంతసేపటికీ ఇసుక కదిలిన చప్పుడు లేదు. కళ్ళు తెరిచి చూస్తే గున్నలన్నీ నిద్రపోతున్నాయి. గజ్జెలమ్మ మాత్రం ఒక కాలు పైకెత్తి అలాగే నిలబడి ఉంది.

"ఊగండమ్మా!" అన్నాడు తోకనాథం.

"కాలెప్పుడో ఎత్తాను నాయనా. ఎక్కడ దించాలో తెలియడం లేదు. పిక్క పట్టేసింది" అంది గజ్జెలమ్మ.

సరిగ్గా అప్పుడే అవతలి ఒడ్డునుంచి వినిపించింది. తకిట తకధిమి. తకిట తకధిమి. గజ్జెలమ్మ కాలు హాయిగా కిందికి దిగింది. గున్నలు లేచాయి. మంద మొత్తం ఊగుతూ ఏరు దాటింది.

"నా తాళం దొంగిలించారు!" అని అరుస్తూ తోకనాథం వెంట పరిగెత్తాడు.

అక్కడ చెంగల్రాయుడు దుంగ మీద అటూ ఇటూ నడుస్తున్నాడు. కొత్తగా రెక్కలొచ్చిన పిల్లలకు మంగతాయారు పాట నేర్పుతోంది. చెంగల్రాయుడు వాళ్ళను నవ్వించడానికి నడుస్తున్నాడంతే. మంచికాలితో మూడు, కుంటికాలితో నాలుగు. తోకనాథం నోరు తెరిచాడు. ఇన్నేళ్ళూ పక్కనే ఉన్న ఆ కాలిని అప్పుడే మొదటిసారి చూశాడు. వాడికి సిగ్గేసింది.

"మా వెంట్రుకలు మాకిచ్చెయ్యి నాయనా" అంది గజ్జెలమ్మ. వాడి చేతిలోని సొరకాయనుంచి ఒక్కో తీగా ఊడదీసి చెంగల్రాయుడి ముందు పెట్టింది.

మూడు రోజులు తోకనాథం ఒట్టి సొరకాయను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నాలుగో రోజు ఏరు దాటి వెళ్ళాడు.

"తప్పయిపోయిందిరా. నన్ను మీతో చేర్చుకుంటారా?" అని అడిగాడు.

చెంగల్రాయుడు దుంగ దిగాడు. "ముందు నాతో నీటి దాకా నడువన్నా. నా నడకే నడవాలి" అన్నాడు.

తోకనాథం నడిచాడు. ఐదో అడుగుకే బురదలో బోర్లా పడ్డాడు. గోరింక పిల్లలు కడుపులు పట్టుకుని నవ్వాయి. లేచాడు, మళ్ళీ పడ్డాడు. సాయంత్రానికి ఒంటినిండా బురదతో ఏడూ సరిగ్గా నడిచాడు. అప్పుడు చెంగల్రాయుడు వెంట్రుకలు వాడి చేతిలో పెట్టాడు.

మరుసటి ఏడు ఏనుగులు ఒళ్ళు మరిచి ఊగాయి. "ఈ తాళం ఎవరిది నాయనా?" అని గజ్జెలమ్మ మళ్ళీ అడిగింది.

తోకనాథం నోట్లో పాత మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాడు. "ఆ కాలిదమ్మా" అని చూపించాడు.

చెంగల్రాయుడు చెవి గోక్కున్నాడు. ఈసారి మాత్రం ఊరుకోలేదు. "సరే అన్నా, ఇక పాట ముగించు. గున్నలకు ఆకలేస్తోంది" అన్నాడు.

నీతి: పక్కవాడి కుంటికాలిని వెక్కిరించే ముందు, మన పాట ఏ కాలి మీద నిలబడిందో ఒకసారి చూసుకోవాలి.