కుండని తిడితే రేకొస్తుందా?

అనగనగా బుజ్జీ, గోదారి లంకలో ఒక ఊరు. ఆ ఊళ్ళో నూకరత్నం అని పూతరేకులు తీసే కోడలుపిల్ల ఉండేది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట పెట్టి, పల్చటి పిండినీళ్ళలో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్క లాగు లాగేది. రేకు లేచొచ్చేది. దాన్ని అడ్డం పెట్టుకుని చూస్తే అవతలి మనిషి నుదుటి బొట్టు కనపడేది, అంత పల్చన.

ఒక ఏడు ఆ పిల్లకి దడ పట్టుకుంది. పొయ్యి ఆర్పానా లేదా అని రేవు దాకా పోయి వెనక్కొచ్చేది. ఆ తర్వాత గొళ్ళెం పెట్టానా అని వచ్చేది. ఆ తర్వాత ఎందుకో తెలీకుండానే వచ్చేది. గుండె డప్పులా కొట్టుకునేది. చెయ్యి వణికితే గుడ్డ వణికింది, గుడ్డ వణికితే రేకు చిరిగింది. చూస్తే ఆడపడుచు పెళ్ళి రెండు నెలల్లో ఉంది. రేకులన్నీ వదిన చేతివే కావాలని పెళ్ళికూతురి పట్టు.

అప్పుడు అత్త చిట్టెమ్మ దిష్టి తీసింది. మిరపకాయలు నిప్పుల్లో వేస్తే ఒక్కరూ దగ్గలేదు. ఘాటు రాలేదంటే కొండంత దిష్టి అని వీధంతా తేల్చేసింది. అవి వానకి తడిసి బూజు పట్టిన కాయలని చూసిన మొహం ఒక్కటీ లేదు. బుర్ర ఉంటేగా.

ఆ తర్వాత తాయెత్తు కట్టారు. వణికే చేతికి అదో బరువు. ఆ తర్వాత పక్కింటి పెద్దమనిషి వచ్చి, ధైర్యంగా ఉండమని చెప్పి, రెండు కాఫీలు తాగి పోయాడు. ధైర్యం సంతలో దొరికితే కొనుక్కోదూ?

నూకరత్నం తనని తానే తిట్టుకునేది, చేతకానిదాన్నని, పనికిమాలినదాన్నని. ఒకరోజు కుండ పగలగొట్టేద్దామని ఎత్తింది కూడా. అప్పుడు చిట్టెమ్మ ఆ కుండ లాక్కుని కింద పెట్టి, కోడల్ని రేవు దాటించి, టౌను ఆస్పత్రిలో మనసు డాక్టరమ్మ ముందు కూచోబెట్టింది. నా కోడలికి పిచ్చి కాదని దారిలో పడవవాడికి కూడా చెప్పింది, అతను అడక్కపోయినా.

డాక్టరమ్మ అంతా విని మెల్లగా అడిగింది. "కుండ మరీ వేడెక్కితే ఏం చేస్తావమ్మా?"

"ఆకు వెనక్కి లాగుతానండి."

"కుండని తిట్టవా?"

"కుండని తిడితే రేకొస్తుందాండీ?" అంది నూకరత్నం. తన మాట తనకే తగిలి ఏడ్చేసింది.

ఇది జబ్బేనని, తన తప్పు కాదని, తగ్గుతుందని చెప్పింది డాక్టరమ్మ. ఊపిరి నిదానంగా వదలడం, వెనక్కి పోయి చూసుకోకుండా ఒక్కో అడుగే ముందుకెయ్యడం నేర్పింది. మాత్రలిచ్చి, గురువారం గురువారం రమ్మంది. అదేం మంత్రం కాదు బుజ్జీ. ఒక వారం దడ తగ్గేది, ఇంకో వారం మళ్ళీ వచ్చేది. అయినా వెళ్ళింది.

పెళ్ళికి నాలుగు రోజులుందనగా పొయ్యి ముట్టించింది. చెయ్యి వణికింది. ఆకు వెనక్కి లాగింది, ఊపిరి వదిలింది, గుడ్డ లాగింది. మొదటి రేకు చిరిగింది. రెండోదీ చిరిగింది. మూడోది లేచొచ్చింది.

అడ్డం పెట్టుకుని చూసింది. అవతల అత్త బొట్టు కనపడింది. బొట్టు కింద తడి కళ్ళూ కనపడ్డాయి.

"గురువారం నేనూ వస్తానే," అంది చిట్టెమ్మ. "నాకూ ముప్పై ఏళ్ళుగా దడే. దిష్టనుకున్నా."

కథేమో కంచికి, కుండేమో మూలకి,
రేకేమో నోటికి, నిద్రేమో కంటికి.